‘తెలియదు’ మీటను మాకిచ్చిన స్టూలు మేడం గారు

1989వ సంవత్సరం జూన్ నెల పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం, మా సబ్బుల కర్మాగారపు నియంత్రణ విభాగంలో శిక్షణార్థిగా మేడం గారు ఉద్యోగప్రవేశం చేసినట్లు వారి సేవాపుస్తకం చెబుతోంది. కాదు, అదే నెల పద్నాలుగవ తేదీ, బుధవారం నాడు చేశారని హాజరుపట్టీ చెబుతోంది. మేడం గారి పదవీ విరమణ సంచికలోని అభినందన వ్యాసం, వారు చేరిన తేదీతోనే మొదలు కావాలని సంచిక సంఘం వారు నిర్దేశించినందువల్ల, ఆ మొదటి వాక్యం దగ్గరే నేను రెండు రోజులు తల గోక్కుంటూ కూర్చుని, చివరికి మేడం గారినే ఆశ్రయించాను.

“రెండూ కరెక్టేనండీ,” అన్నారు వారు, నా అయోమయాన్ని ఏమాత్రం తగ్గించకుండా.

జరిగిందేమిటంటే, నియంత్రణ విభాగానికి ఒక అమ్మాయి రావచ్చునన్న ఊహే లేని ఆనాటి గుమస్తా, నియామకపత్రం పూర్తిగా చదవకుండానే వారిని ప్యాకింగ్ హాలులో సబ్బులు పెట్టెల్లో సర్దే మహిళల వరుసలోకి పంపించాడు. అక్కడ వారు ఏ అభ్యంతరమూ చెప్పకుండా రెండు రోజులు సబ్బులు సర్దారు. వస్తానని రాసి రాకుండా పోయిన శిక్షణార్థి కోసం నియంత్రణ విభాగం అధికారి మూడవ రోజున కర్మాగారమంతా గాలించగా, చేతుల నిండా అట్టపెట్టెలతో దొరికారు.

“రెండ్రోజులుగా నోరు మూసుకుని కూర్చున్నావేంటమ్మా?” అని ఆయన గద్దించారట.

“ఎవరూ అడగలేదు సార్. పైగా ఇక్కడుంటే ఏది ఎందుకు ఆగుతుందో బాగా తెలుస్తోంది,” అన్నారట మేడం గారు. ఆ అధికారికి ఆ జవాబు అర్థం కాలేదు. నాకు అర్థం కావడానికి కూడా చాలా ఏళ్ళు పట్టింది.

ఈ వ్యాసరచనాగౌరవం నాకు దక్కడానికి కారణం, నేను ఉత్పత్తి విభాగపు మేనేజరును కావడం, ఇరవై ఏడేళ్ళుగా వారి పక్క గదిలో కూర్చుంటూ ఉండడం. “గంభీరమైన భాషలో, సందేహాలకు తావు లేకుండా రాయండి” అని సంఘం కార్యదర్శి కోరారు. భాష సంగతి నా శక్తిమేరకు చూసుకుంటాను. సందేహాల విషయంలో హామీ ఇవ్వలేను. మేడం గారి ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, యంత్రాలలో పుట్టే అంకెలను మనుషులకు పనికివచ్చేలా చేర్చడం అని చెప్పవచ్చును. ఆ వాక్యం రాసి మూడుసార్లు చదువుకున్నాను. తప్పు లేదు, కానీ అందులో మేడం గారు లేరు.

సంచికలో ముద్రించవలసిన ఛాయాచిత్రం కోసం పోయిన నెలలో వారి ఇంటికి వెళ్ళాను. మేడం గారు ఇంకా కర్మాగారం నుంచి రాలేదు. మందుల దుకాణం నడిపే వారి భర్త గారు, నేను ఆటపట్టిస్తూ బావగారని పిలుచుకునే పెద్దమనిషి, వంటింట్లోనే కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ వంటింటి గోడమీద ఒక పురికొసకు కట్టిన చిన్న ప్లాస్టిక్ సీసా వేలాడుతోంది. డాబా మీది నీళ్ళ ట్యాంకులో తేలే బెండుకు ఆ పురికొస రెండో కొస కట్టి ఉందట. ట్యాంకు నిండితే సీసా కిందికి దిగుతుంది, ఖాళీ అయితే పైకి పోతుంది. గోడమీద పెన్సిలుతో గీసిన ఒకే ఒక గీత పక్కన “మోటారు వెయ్యండి” అని మేడం గారి చేతిరాత.

“పెళ్ళైన కొత్తలో కట్టిందండీ. అప్పట్నుంచి మా ఇంట్లో ‘నువ్వు చూళ్ళేదా అంటే నువ్వు చూళ్ళేదా’ అన్న గొడవ లేదు,” అన్నారు బావగారు. కూతురు ఫొటోల పెట్టె తెచ్చి బల్లమీద పెట్టింది. బావగారు ఫొటోలు తిరగేస్తూ, తిరగేస్తూ, తల ఎత్తకుండానే అడిగారు.

“నాలుగేళ్ళు తన ప్రమోషన్ ఆపేశారు కదండీ. ఎందుకాపారో మాకెప్పుడూ చెప్పలేదు. అడిగితే ‘నా వల్ల ఏదో తప్పు జరిగిందిలెండి’ అని ఊరుకునేది. ఏం తప్పండీ అది? మీకు తెలుసా?”

“తెలియదండీ,” అన్నాను.

నాకు తెలుసు. టీ గొంతులో అడ్డం పడినట్లు నటించి, దొరికిన ఫొటో జేబులో పెట్టుకుని, పిల్లిలా జారుకున్నాను. ఆ ప్రశ్నకు జవాబు ఈ వ్యాసం ముగిసేలోగా రాయగలనో లేదో, ఈ వాక్యం రాస్తున్న క్షణానికి నాకు నిజంగా తోచడం లేదు. ప్రస్తుతానికి సంఘం వారి కోరిక మేరకు కాలక్రమంలోకి వెళ్తాను.

శిక్షణ ముగిసిన తరువాత మేడం గారిని సబ్బుముద్దను ఆరబెట్టే విభాగంలో నియమించారు. ఆ రోజులలో వేడిమి ఎంత ఉన్నదో ఒక సిరా కలం గుండ్రటి కాగితం మీద ఇరవై నాలుగు గంటలూ గీత గీస్తూ ఉండేది. ప్రతి ఉదయం ఆ కాగితం తీసి, కొత్తది పెట్టి, పాతదాన్ని అల్మరాలో భద్రపరచడం వారి విధి. ఆరు నెలల తరువాత వారు ఆ కాగితాన్ని అల్మరాలో పెట్టడం మానేసి, యంత్రం నడిపే మనిషి బల్ల ఎదుట గోడకు గుచ్చడం ప్రారంభించారు. అధికారులు ముక్కున వేలేసుకున్నారు. రికార్డుకు జిడ్డు మరకలు అంటుతున్నాయని మెమో ఇచ్చారు. అంతకు ముందు పదకొండేళ్ళ కాగితాలు ఒక్క మరకైనా లేకుండా అల్మరాలో ఉన్నాయని, వాటిని ఎవరూ తాకకపోవడమే అందుకు కారణమని మేడం గారు వినయపూర్వకంగా జవాబు రాశారు. ఆ మెమో, ఆ జవాబు నేను స్వయంగా చూశాను. ఎవరు నెగ్గారో మాత్రం ఫైలులో లేదు. కాగితం గోడమీదే ఉండిపోయిందంటే వారే నెగ్గి ఉండాలి.

1998లో నేను ఉత్పత్తి ప్రణాళికా సహాయకుడిగా చేరేనాటికి కర్మాగారంలో కంప్యూటర్లు వచ్చాయి, కలాలు పోయాయి. ప్రతి ఉదయం నలభై పేజీల నివేదిక అచ్చయి ప్రతి అధికారి బల్ల మీదికి చేరేది. దానిని ఎవరూ చదివేవారు కారు, కానీ రాకపోతే అందరూ ఫోన్లు చేసేవారు. మేడం గారు దానిని ఒక్క పేజీకి కుదించారు. మేమందరం చప్పట్లు కొట్టాం. ఆపైన ప్రతి విభాగం వారూ తమ అంకె ఒక్కటీ కలపమని ప్రాధేయపడగా, ఆ ఒక్క పేజీ మూడు నెలలలో నలభై మూడు పేజీలైంది. ఈ అపజయాన్ని అభినందన వ్యాసంలో ప్రస్తావించవచ్చునా అని మేడం గారిని అడిగితే, “తప్పకుండా రాయండి, అందులో పది పేజీలు మీరడిగినవే,” అన్నారు.

అటు తరువాతనే వారికి స్టూలు మేడం అన్న పేరు వచ్చింది. వర్క్‌షాపులోని ఇనుప స్టూలు ఒకటి చంకన పెట్టుకుని, ఏ యంత్రం దగ్గర అంకెలు అర్థం కాకపోతే ఆ యంత్రం దగ్గరికి వెళ్ళి కూర్చునేవారు. పూటల తరబడి కూర్చునేవారు. ఏం చేస్తున్నారని అడిగితే “చూస్తున్నానండీ” అనేవారు. అదొక పని అని నమ్మడం నాబోటి వారికి కష్టంగా ఉండేది.

ఇక 2011. ఎంత మెల్లగా నడిచినా కాలక్రమం అక్కడికి చేరక తప్పలేదు.

ఆ ఏడాది ప్రతి ప్యాకింగ్ లైనుకూ ఒక తాకే తెర అమర్చారు. యంత్రం ఆగినప్పుడల్లా, ఎందుకు ఆగిందో ఆ తెరమీద ఒక కారణం నొక్కితే తప్ప అది మళ్ళీ కదలదు. నలభై రెండు కారణాల జాబితాను మేడం గారే తయారుచేశారు. దానిలో మొట్టమొదటిది ‘ఫిల్మ్ రోల్ మార్పు’, అంటే సబ్బును చుట్టే పల్చటి కాగితపు చుట్ట అయిపోతే కొత్తది ఎక్కించడం. ఆ తెరల నుంచి వచ్చే అంకెలను క్రోడీకరించి నివేదిక సమర్పించే బాధ్యత నాది.

మూడో లైను నివేదిక తయారుచేయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఇరవై రెండు రంగురంగుల పటాలు వేశాను. ఆ లైను ఒక్కొక్క షిఫ్టులో అరవై ఐదు సార్లు ఆగుతోందని, ఇంచుమించు అన్నిసార్లూ రోల్ మార్పు కోసమేనని, అక్కడి సిబ్బందికి నైపుణ్యం, శ్రద్ధ రెండూ కొరవడ్డాయని, కనుక ఆ లైనును మూసివేసి ఆ పనిని మిగిలిన రెండు లైన్లకు పంచడం శ్రేయస్కరమని సిఫారసు చేశాను. మూడో లైనులో రెండు షిఫ్టులూ కలిపి పద్నాలుగు మంది ఉన్నారు. మిగిలిన లైన్లలో ఖాళీలు లేవు. ఆ పద్నాలుగు మంది ఇళ్ళకు వెళ్ళిపోవలసిందే. నివేదికలో ఆ మాట నేను రాయలేదు, రాయవలసిన అవసరం కనిపించలేదు.

నా నివేదిక చదివిన మరునాడు మేడం గారు స్టూలు తీసుకుని మూడో లైనుకు వెళ్ళారు. చుట్టే యంత్రం నడిపే ఆపరేటరును, ఆయన గుబురు మీసాల వల్ల, మేమందరం మీసాలాయన అనేవాళ్ళం. ఆ సంభాషణను తరువాత మీసాలాయనే నాకు చెప్పాడు.

“ఇప్పుడెందుకాగింది?” అని అడిగారట మేడం గారు.

“సబ్బు మెత్తగా వచ్చిందండీ. రెండు అతుక్కుపోయాయి. వేలితో ఇలా తోసేస్తే సరి.”

“మరి రోల్ మార్పు అని నొక్కారే?”

“పైన ఉన్నది అదే కదండీ! ఏదో ఒకటి నొక్కకపోతే ఇది కదలదు. మెత్తగా ఉందని చెప్పడానికి అందులో ఏమీ లేదు. ఉన్నా, ఆ నలభై రెండూ చదువుతూ కూర్చుంటే ఇంకో పది అతుక్కుంటాయి.”

“ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదా?”

“రోజుకి అరవై సార్లు చెప్తున్నాను మేడం, నొక్కి నొక్కి. ఒక్కరూ రాలేదు.”

మేడం గారు మూడు రోజులు అక్కడే కూర్చున్నారు. సబ్బులు మెత్తబడేది ఎక్కువగా మధ్యాహ్నం భోజనాల తరువాతనేనని గమనించారు. ఆ వేళకే గోదాము నుంచి అట్టపెట్టెల బొత్తులు వస్తాయి. వాటిని దింపేవారు చోటు లేక, సబ్బులను చల్లబరిచే పెద్ద ఫ్యానుకు అడ్డంగా పేర్చుతున్నారు. గాలి ఆడక సబ్బు ఆరడం లేదు. సంగతి ఇంతే. ఇంకొక మాట కూడా రాయాలి. గోదాము పుస్తకం ప్రకారం మూడో లైను ఒక షిఫ్టులో వాడే రోల్స్ నాలుగు. నాలుగు రోల్స్ వాడేచోట అరవై ఐదు సార్లు రోల్ ఎలా మారుస్తారన్న చిన్న ప్రశ్న, తొమ్మిది రోజులలో, ఇరవై రెండు పటాలలో, నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

నాలుగవ రోజు సమావేశం. మూసివేత కాగితం జనరల్ మేనేజరు గారి ఎదుట ఉంది, దానిమీద వారి కలం, మూత తీసి ఉంది. మేడం గారు తాము చూసినది అయిదు నిమిషాలలో చెప్పారు. జనరల్ మేనేజరు గారి ముఖం ఎర్రబడింది.

“అంటే ఇన్నాళ్ళూ నా బల్ల మీదికి వచ్చినవన్నీ కాకిలెక్కలేనా? ఎవరిదీ తప్పు?”

నేను నా పటాల వైపు చూస్తూ నీళ్ళు నమిలాను. చెప్పవలసినది ఒక్క మాట. అది నాలుక దాకా వచ్చింది, ఆగింది.

“జాబితా తయారుచేసింది నేను సార్,” అన్నారు మేడం గారు. “రోల్ మార్పు అన్నిటికంటే పైన పెట్టింది నేనే. తప్పు నాది. ఆ ఫ్యాను ముందు చోటు ఖాళీ చేయించి ఒక్క నెల గడువివ్వండి. అప్పటికీ బాగుపడకపోతే సంతకం పెట్టండి.”

జనరల్ మేనేజరు గారు కలానికి మూత పెట్టారు. ఫ్యాను చుట్టూ నేలమీద పసుపు గీత గీయించి, పెట్టెలకు వేరే చోటు చూపించారు. నెల తిరిగేసరికి మూడో లైను మిగిలిన రెండింటినీ దాటిపోయింది. ఆ పద్నాలుగు మందిలో తొమ్మిది మంది ఈ నాటికీ మన మధ్యనే ఉన్నారు, మిగిలిన అయిదుగురు తమ తమ వయసు నిండి, పూలదండలతో ఇళ్ళకు వెళ్ళారు.

మేడం గారు అంతటితో ఆగలేదు. నలభై రెండు కారణాలను తీసివేసి, లైను మనుషులనే కూర్చోబెట్టి అడిగి ఆరు ఉంచారు. ఏడవ మీట ఒకటి, అన్నిటికంటే పైన, అన్నిటికంటే పెద్దదిగా పెట్టించారు. దానిమీద ‘తెలియదు’ అని ఉంటుంది. అది నొక్కితే యంత్రం కదులుతుంది, కానీ పావుగంటలోగా నియంత్రణ విభాగం నుంచి ఎవరో ఒకరు వచ్చి అక్కడ నిలబడి చూడాలి. మొదటి నెలలో సగానికి పైగా సార్లు యంత్రం ఆగడానికి కారణం ‘తెలియదు’ అని తేలింది. జనరల్ మేనేజరు గారు ఆ నివేదిక పట్టుకుని మా గదుల మధ్య నిలబడ్డారు.

“ఇంత ఆర్భాటం చేసి, మనకి తెలియదని తెలుసుకున్నామా?”

“ఇన్నాళ్ళూ అదీ తెలియదు కదా సార్,” అన్నారు మేడం గారు. ఆయన కాసేపు ఆలోచించి, నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేక, వెళ్ళిపోయారు. నేటికీ ఆ మీట అన్ని లైన్లలోనూ ఉంది. దానిని నొక్కేవారి సంఖ్య ఏడాదికేడాది తగ్గుతూ వచ్చింది.

ఆ సంవత్సరమే ఉత్పత్తి విభాగంలో ప్రగతికి గుర్తింపుగా నాకు మేనేజరు పదవి లభించింది. ఆ సంవత్సరమే విభాగాధిపతిగా ప్రకటించవలసిన మేడం గారి పదోన్నతిని, లోపభూయిష్టమైన జాబితా రూపొందించారన్న వ్యాఖ్యతో, నాలుగేళ్ళు నిలిపివేశారు. ఆ నాలుగేళ్ళూ వారు ప్రతి ఉదయం నా గది ముందు నుంచే స్టూలు పట్టుకుని వెళ్ళేవారు, పలకరించేవారు, నా పిల్లల చదువుల గురించి అడిగేవారు. నాతో ఒక్క మాటైనా పుల్లవిరుపుగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది. ఎందుకు అనడం లేదో అర్థం కాక, కొన్నాళ్ళకు వారికి అసలు ఆ సంగతే గుర్తు లేదేమోనని నన్ను నేను సముదాయించుకున్నాను.

2015లో విభాగాధిపతి అయ్యాక వారు చేసిన పనులు సంచిక చివర పట్టికలో ఉన్నాయి. చదువరులు దయతో అక్కడ చూడగలరు. నేను వాటిని ఇక్కడ వర్ణించగల స్థితిలో లేను.

గడిచిన గురువారం మేడం గారు తమ గదిలో అల్మరా ఖాళీ చేస్తున్నారు. కిటికీ పక్కన కట్టలు కట్టిన పాత కాగితాలు, నేలమీద తెరిచిన అట్టపెట్టెలు. సాయం చేసే నెపంతో వెళ్ళి, ఒక కట్ట ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మార్చి, చివరికి అడిగాను.

“మేడం, ఆ రోజు సమావేశంలో తప్పు మీ మీద ఎందుకు వేసుకున్నారు?”

ఏ రోజని వారు అడగలేదు.

“కాగితం మీద పెన్ను మూత తీసి ఉంది కదండీ. జాబితాదా తప్పు, రిపోర్టుదా తప్పు అని మనం మొదలుపెడితే ఆ పూటంతా దానికే సరిపోయేది. విసుగొచ్చి ఆయన సంతకం పెట్టేసేవారు. త్వరగా తేలాలంటే ఎవరో ఒకరు నాదే అనాలి. జాబితా నాదే కాబట్టి అబద్ధం కూడా కాదు.”

“అబద్ధం కాదు, కానీ సగమే కదా నిజం?”

“ఆ రోజుకి సగం సరిపోయింది.”

“పోనీ, ఆ తర్వాతైనా జి.ఎం. గారికి చెప్పొచ్చు కదండీ? నాలుగేళ్ళు పోయాయి మీకు.”

వారు చేతిలోని కట్టను పెట్టెలో పెట్టి, నా వైపు తిరిగారు. ముఖంలో కోపం లేదు. నిజంగానే అంతుబట్టని విషయం ఒకటి అడుగుతున్నట్లుగా ఉంది ఆ చూపు.

“తర్వాత మీరు చెబుతారనుకున్నానండీ.”

ఆవిడ ఒక వారమో, ఒక నెలో ఎదురుచూసి ఉంటారనుకున్నాను. ఇంటికి వచ్చాక, అన్నం ముందు కూర్చున్నాక, లెక్క కట్టుకుంటే పద్నాలుగేళ్ళు అని తేలింది.

కనుక బావగారూ, మీరు ఆనాడు మీ వంటింట్లో అడిగిన ప్రశ్నకు, ఇంతమంది సహోద్యోగుల సమక్షంలో, అచ్చులో, జవాబు ఇది. మీ ఆవిడ ఏ తప్పూ చేయలేదు. యంత్రం దగ్గరికి ఒక్క అడుగైనా వేయకుండా పద్నాలుగు మంది ఉపాధి తీసివేయమని రాసింది నేను. అడిగినప్పుడు నోరు మెదపనిది నేను. ఆ నాలుగేళ్ళు ఆవిడవి కావు, నేను అనుభవించవలసినవి. మీకు ‘తెలియదు’ అని చెప్పింది అబద్ధం. సంఘం వారు ఈ పేరాను తీసివేయదలిస్తే వ్యాసమంతా తీసివేయవలసిందిగా కార్యదర్శికి ముందే రాసి ఇచ్చాను.

విరమణానంతర జీవితంలో మేడం గారు సంపూర్ణ ఆరోగ్యంతో, మీ తోడులో, మీ అమ్మాయి కళ్ళెదుట, నిండు నూరేళ్ళు సంతోషంగా ఉండాలని సహోద్యోగులందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను. నా పక్షాన మరొక్క కోరిక ఉంది. నేను చెప్పడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. వారు క్షమించడానికి కూడా అన్నేళ్ళు పట్టవచ్చు, అది న్యాయమే. అన్నేళ్ళూ వారు చల్లగా ఉండాలి, నేను ఎదురుచూస్తూ ఉండాలి.